ఘాట్ ఎక్కుతూ ఆగిపోయే పాత కారు: ఒక ఎండ్యూరెన్స్ టెస్ట్ కేస్ స్టడీ

పాత కార్ల లాంగ్ రన్‌లు ప్లాన్ చేయడం నా పని. రూటు చూడటం, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఆగకూడదో తేల్చడం, వెనకాల ఏ బండి రావాలి, అందులో ఏమేం ఉండాలి, ఇవన్నీ చూసుకుంటాను. ఈ ఒక్క కేసు ఎందుకు రాస్తున్నానంటే, వందేళ్ళ కారు దారిలో ఆగిపోగానే చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలో పనీ చేసి దాన్ని మళ్ళీ స్టార్ట్ చేసేస్తారు. ఒకరు బానెట్ తీస్తారు, ఒకరు నీళ్ళు పోస్తారు, ఇంకొకరు పెట్రోలు పోస్తారు. కారు కదులుతుంది, అందరికీ సంతోషం. కానీ ఎందుకు ఆగిందో చెప్పే సాక్ష్యం ఆ పది నిమిషాల్లోనే చెరిగిపోతుంది. మనం టెస్ట్ పెట్టేదే ఆ సాక్ష్యం కోసం.

కారు మేక్, మోడల్ చెప్పను. అలాంటివి మన దగ్గర చాలా తక్కువ, పేరు చెబితే ఓనరు ఎవరో తెలిసిపోతుంది. విషయం అర్థం కావడానికి కావలసినంత చెప్తాను. 1920ల నాటి నాలుగు సిలిండర్ల టూరర్, అంటే పైకప్పు మడిచేసే ఓపెన్ కారు. పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది, పంపు లేదు, పెట్రోలు తన బరువుతోనే కార్బ్యురేటర్‌కి (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజనుకి ఇచ్చే భాగం) దిగుతుంది. రేడియేటర్‌కీ వాటర్ పంపు లేదు, వేడి నీళ్ళు పైకి, చల్ల నీళ్ళు కిందికి వాటంతట అవే తిరుగుతాయి. స్పార్క్ టైమింగ్, అంటే పెట్రోల్ని అంటించే నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నది, డ్రైవరే లివర్‌తో ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి. బ్రేకులు వెనక చక్రాలకే. చక్రాలకి చెక్క ఆకులు (స్పోకులు).

ఓనర్లు హైదరాబాద్ కుటుంబం. కారు పెద్దాయనది, నడిపేది ఎక్కువగా ఆయన కూతురు. పాతికేళ్ళుగా ఒకే ఉస్తాద్ దాని బాగోగులు చూస్తున్నాడు, చేయి మంచిది. కారు షోలకి వెళ్తుంది, ఊళ్ళో చక్కగా తిరుగుతుంది. వాళ్ళ కోరిక, వచ్చే చలికాలం కొన్ని రాష్ట్రాలు దాటే లాంగ్ రన్‌కి తీసుకెళ్ళాలని. అంత దూరం వెళ్ళే ముందు ఇక్కడే గట్టి పరీక్ష పెట్టాలనుకున్నారు. అనుకున్న రూటు హైదరాబాద్ నుంచి అచ్చంపేట, మన్ననూరు, దోమలపెంట మీదుగా శ్రీశైలం, అక్కడి నుంచి దోర్నాల, మార్కాపురం, కంభం, గిద్దలూరు, నల్లమల ఘాట్ దాటి నంద్యాల, కర్నూలు, మళ్ళీ హైదరాబాద్. మొత్తం సుమారు 700 కిలోమీటర్లు. పాత కారుకి ఇది మంచి పరీక్ష, ఎందుకంటే ఇందులో హైవే ఉంది, అడవి ఉంది, కృష్ణ దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కడం ఉంది, గిద్దలూరు-నంద్యాల మధ్య ఇంకో ఘాట్ ఉంది.

నా దగ్గరికి వచ్చేసరికే వాళ్ళు ఈ రూటు సొంతంగా ప్రయత్నించి ఉన్నారు. కారు ఘాట్‌లలో ఆగిపోతోంది. శ్రీశైలం డ్యాం దిగువ వంతెన దాటి ఎక్కేటప్పుడు ఆగింది, గిద్దలూరు దాటాక ఎక్కుతూ ఆగింది. ఇంజను టకటకమని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయేది, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ స్టార్ట్ అయ్యేది. కర్నూలు నుంచి హైదరాబాద్ హైవే మీద మాత్రం ఏ పేచీ లేదు.

ఉస్తాద్ లెక్క ప్రకారం పైపులో పెట్రోలు వేడికి ఆవిరైపోయి, ఆ ఆవిరి దారికి అడ్డుపడుతోంది. ఈ మాట తీసిపారేసేది కాదు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, పైపు ఇంజను వేడి దగ్గరగా పోతోంది, పైగా వాళ్ళు వెళ్ళింది ఎండాకాలం. అందుకే ఆగిన ప్రతిసారీ పైపు మీద తడిగుడ్డ కప్పేవాడు, రేడియేటర్ నింపేవాడు, ట్యాంకులో క్యాన్‌తో పెట్రోలు పోసేవాడు, కాసేపు ఆగి హ్యాండిల్ తిప్పేవాడు. స్టార్ట్ అయ్యేది. తడిగుడ్డే కాపాడింది అనుకునేవాళ్ళు. తెలిసినాయన ఒకరు ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు పెట్టెయ్యమని సలహా ఇచ్చారట. పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ ఒక్క నిర్ణయం వల్లే ఈ కేసు తేలింది, పంపు పెట్టి ఉంటే అసలు కారణం దాని వెనక దాక్కునేది.

ప్లాన్ మొదలుపెట్టే ముందు నేను వాళ్ళకి పాత కథ ఒకటి చెప్పాను. 1900 ఏప్రిల్ 23న లండన్ హైడ్ పార్క్ కార్నర్ నుంచి 65 బండ్లు వెయ్యి మైళ్ళ ట్రయల్‌కి బయల్దేరాయి, ఎడిన్‌బరో దాకా వెళ్ళి తిరిగి రావాలి. దాన్ని నడిపించింది ఆటోమొబైల్ క్లబ్ సెక్రటరీ క్లాడ్ జాన్సన్. అప్పటికి పెట్రోల్ బంకులు లేవు కాబట్టి దారి పొడవునా పెట్రోలు ముందే పంపించి పెట్టాలి. ఇంగ్లండ్‌లో గంటకి 12 మైళ్ళు దాటకూడదని చట్టం. అందులో నాకు బాగా నచ్చింది, డన్‌మెయిల్ రైజ్, షాప్ ఫెల్ లాంటి కొండల్ని మొత్తం దూరంలో కలిపేయకుండా విడిగా టైం చూశారు. కొండ వేరే పరీక్ష, చదును వేరే పరీక్ష.

ఏడేళ్ళ తర్వాత అదే జాన్సన్ రోల్స్ రాయిస్‌లో ఉన్నప్పుడు, ఏఎక్స్ 201 నంబరున్న వెండి రంగు 40/50 మోడల్ కారుని 15,000 మైళ్ళ పరీక్షకి పెట్టారు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు అన్నీ రాసుకుంటూ ఉండగా లండన్-గ్లాస్గో దారిలోనే మళ్ళీ మళ్ళీ తిప్పారు. కొత్త కొత్త ఊళ్ళు చూపిస్తే పేరు ఇంకా బాగా వచ్చేది కదా అనిపిస్తుంది. కానీ దారి మారకపోతేనే, మార్పు కనిపించినప్పుడు అది కారులో వచ్చిందని చెప్పగలం. ఆ కారు 629 మైళ్ళ దగ్గర అనుకోకుండా ఒకసారి ఆగింది. కారణం, కుదుపులకి పెట్రోల్ ట్యాప్ దానంతట అదే మూసుకుపోయింది. ఆ తర్వాత 14,371 మైళ్ళు అలాంటి ఆగడం లేకుండా నడిచింది. ట్యాప్ అని ఆరోజే రాసి పెట్టారు కాబట్టి మనకి ఇవాళ తెలుసు. లేకపోతే "ఏదో పెట్రోల్ ప్రాబ్లం" అని మిగిలిపోయేది.

అందుకని నేను పెట్టిన మొదటి నియమం ఇది. టెస్ట్ నడుస్తున్నప్పుడు కారు తనంతట తాను ఆగితే, పుస్తకంలో రాసేదాకా ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు. రోడ్డు పక్కకి తోసి, చక్రాలకి అడ్డు పెట్టి, వెనక బండి హజార్డ్ లైట్లు వేసుకుని నిలబడ్డాక మొదటి పని పెన్ను తీయడం. టైం, ఎక్కడ, ఎక్కుతున్నామా దిగుతున్నామా, ట్యాంకులో ఎంత ఉండొచ్చు, చివరిసారి ఎక్కడ ఆగాం. ఉస్తాద్‌కి ఇది అస్సలు నచ్చలేదు. "బండి ఆగితే చూస్తూ కూర్చోమంటారేంటి సాబ్" అన్నాడు. నాకు ఆయన బాధ అర్థమైంది, చేతిలో పని ఉన్న మనిషిని ఊరికే నిలబెట్టడం కష్టం. అందుకే ఆయనకే పని అప్పగించాను: పైపుని చేత్తో పట్టుకుని వేడిగా ఉందో లేదో చెప్పాలి, అంతే, గుడ్డ కప్పకూడదు.

రెండో నియమం, బయల్దేరే ముందు మనం ఏం అనుకుంటున్నామో రాసుకోవాలి. ఆవిరి పట్టడమే కారణమైతే చల్లటి పొద్దున ఆగకూడదు. ఇది రాసి సంతకం పెట్టుకున్నాం. అడవి రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేసి పొద్దున ఆరుకి తెరుస్తారు కాబట్టి రాత్రికి మన్ననూరులో ఉండి, గేటు తీయగానే బయల్దేరాలి. చలి రోజులు చూసుకున్నాం. దోమలపెంట దాకా హాయిగా వచ్చింది. డ్యాం వైపు దిగేటప్పుడు నాకు పెట్రోలు కన్నా బ్రేకుల టెన్షన్ ఎక్కువ, వెనక చక్రాల బ్రేకులు కొండ దిగువలో వేడెక్కితే పట్టు పోతుంది, అందుకే దిగడం మొదలయ్యేలోపే చిన్న గేరులోకి మార్చి, ఇంజనే బండిని పట్టుకునేలా దింపాలని ముందే తేల్చుకున్నాం. అది బాగానే జరిగింది. వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కుతూ ఉండగా కారు ఆగింది.

పొద్దున. చలి. ఉస్తాద్ పైపు పట్టుకుని నా వైపు చూశాడు. "చల్లగా ఉంది" అన్నాడు.

అక్కడితో ఆవిరి కథ పోయింది. చాలామంది ఇక్కడ "అయినా లోపలెక్కడో వేడిగా ఉండొచ్చు" అని సర్దుకుంటారు. ముందే రాసి పెట్టుకోవడం వల్ల ఆ అవకాశం లేకుండా పోయింది.

తర్వాత అనుమానం వాలు మీదికి వెళ్ళింది. ట్యాంకు సీటు కింద, కార్బ్యురేటర్ ముందు. చదును మీద పెట్రోలు మట్టం కార్బ్యురేటర్ కన్నా ఓ అడుగు ఎత్తులో ఉంటుందనుకోండి. రెండింటి మధ్య దూరం మీటరు ఉంటే, పదికి ఒకటి వాలున్న ఎక్కుడులో ఆ అడుగులో పది సెంటీమీటర్లు పోతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఇంకొంత పోతుంది. ఇలాంటి కార్లని ఆ రోజుల్లో నిటారు ఎక్కుడు వస్తే వెనక్కి తిప్పి రివర్స్‌లో ఎక్కించేవాళ్ళు, ట్యాంకు పైకి, ఇంజను కిందికి ఉంటుందని. కాబట్టి ట్యాంకు అంచుదాకా నింపి ఎక్కిస్తే ఆగకూడదు. ఇది కూడా రాసుకున్నాం.

ఇంకో ఎక్కుడుకి ముందు అంచుదాకా నింపి బయల్దేరాం. ఇంతకు ముందు కన్నా తొందరగా ఆగింది.

నిజం చెప్పాలంటే ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే. ఊహ తప్పితే "మార్పు లేదు" అని రావాలి. ఇక్కడ ఎదురు వచ్చింది, పెట్రోలు పెంచితే ఆగడం త్వరపడింది. ట్యాంకు నిండితే ఏం తగ్గుతుంది? ట్యాంకులో గాలి తగ్గుతుంది. అంటే విషయం పెట్రోలుది కాదు, దాని పైనున్న గాలిది.

లెక్క చూడండి. అడుగు ఎత్తు పెట్రోలు ఇచ్చే ఒత్తిడి, వాతావరణ పీడనంలో రెండు శాతం చుట్టూ ఉంటుంది, అంతే. ఈ కారులో పెట్రోల్ని కిందికి నెట్టే బలం మొత్తం అదే. ట్యాంకు మూతలో ఉండే చిన్న రంధ్రం పూర్తిగా మూసుకుపోయిందనుకుందాం. ట్యాంకులో 20 లీటర్ల ఖాళీ ఉంటే, 400 మిల్లీలీటర్ల పెట్రోలు దిగేసరికి లోపలి గాలి రెండు శాతం పలచబడి, ఇక పెట్రోలు కిందికి రానంటుంది. ఖాళీ ఒక్క లీటరే ఉంటే 20 మిల్లీలీటర్లకే ఆ స్థితి వస్తుంది. మరి పూర్తిగా మూసుకుపోతే చదును మీద కూడా ఆగాలి కదా? ఆగట్లేదు, కాబట్టి రంధ్రం సగం మూసుకుని ఉండాలి, చదును మీద ఇంజను నెమ్మదిగా తాగేటప్పుడు ఆ సన్న దారిలో వచ్చే గాలి సరిపోతోంది, ఘాట్‌లో బాగా ఎక్కువ తాగేసరికి సరిపోవట్లేదు, పైగా అక్కడే వాలు వల్ల ఎత్తు కూడా తగ్గుతోంది. అన్ని గుర్తులూ దీనికి సరిపోయాయి. అయినా సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు.

రుజువు నల్లమలలో చేయకూడదని నిర్ణయించుకున్నాం. అది టైగర్ రిజర్వ్, ఆగకూడని రోడ్డు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎండుటాకుల పక్కన పెట్రోలు తీసి కొలవడం అనే ఆలోచనే తప్పు. జాన్సన్ లండన్-గ్లాస్గో పద్ధతే మనకీ కావాలి, ఒకే కొండ, మళ్ళీ మళ్ళీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కుడు దొరికింది. హైదరాబాద్‌కి దగ్గర, మామూలు రోజున పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ, పైనా కిందా ఆపుకోవడానికి చోటుంది. ఒకే డ్రైవరు, ఒకే గేరు, మారేది మాత్రం ఒక్కటే. ట్యాంకు సగం, మూత బిగించి. ట్యాంకు నిండా, మూత బిగించి. ట్యాంకు నిండా, మూత వదులుగా, కింద గుడ్డ కట్టి.

ట్యాంకు నిండి మూత బిగించి ఉంటే ఆగేది. సగం ఉంటే ఆలస్యంగా ఆగేది, ఒక్కోసారి పైదాకా వచ్చేసేది. మూత వదులు చేస్తే ఎప్పుడూ ఆగలేదు.

చివరగా చదును మీద, ఇంజను పూర్తిగా చల్లారాక, చుట్టూ ఎవరినీ రానివ్వకుండా, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతిలో పెట్టుకుని, కార్బ్యురేటర్ కింద డ్రెయిన్ తెరిచి సీసాలోకి వదిలాం. మూత బిగించి ఉండగా ధార మొదట బాగానే వచ్చి, సన్నబడి, చుక్కలైంది. పెద్దాయన కూతురు మూత నెమ్మదిగా తిప్పింది. సన్నగా ఉస్స్ అని గాలి లోపలికి వెళ్ళింది, ధార మళ్ళీ లావైంది. ఉస్తాద్ ఆ మూత తీసుకుని ఎండలో పట్టుకుని చూశాడు. రంధ్రంలో తెల్లగా ఎండిపోయిన పాలిష్ పేస్టు. షోకి వెళ్ళే ముందల్లా ఇత్తడి మూతని మెరిసేలా తోముతారు, ఆ పేస్టు కొద్దికొద్దిగా రంధ్రంలోకి చేరి గట్టిపడింది. సన్న తీగతో తీసేశాడు.

మొత్తం లూప్ మళ్ళీ వెళ్ళాం, ఇప్పుడు మామూలుగా మూత బిగించి. డ్యాం ఎక్కుడు, దోర్నాల వైపు ఘాట్, దిగువమెట్ట దాటి నంద్యాల ఘాట్, ఎక్కడా పెట్రోలు ఆగలేదు. కంభం దాటాక ఒక ప్లగ్గు నూనె పట్టి ఒక సిలిండరు కొట్టడం మానేసింది. పెన్ను తీసి రాసుకుని, ప్లగ్గు మార్చి వెళ్ళిపోయాం. దోర్నాల దాకా రాకముందే రేడియేటర్ ఒకసారి మరిగింది. నీళ్ళు తగ్గాయా అని చూస్తే తగ్గలేదు. డ్రైవరు ఎక్కుడులో స్పార్క్ లివర్ వెనక్కి లాగి, చదును వచ్చాక ముందుకి జరపడం మర్చిపోయింది. స్పార్క్ ఆలస్యమైతే మంట వేడి పనిలోకి పోకుండా ఎగ్జాస్ట్‌లోకీ నీళ్ళలోకీ పోతుంది. పంపు లేని రేడియేటర్‌కి మన వాతావరణంలో దొరికే సందు తక్కువ: బయట 15 డిగ్రీలుంటే మరగడానికి 85 డిగ్రీల తేడా ఉంటుంది, 42 ఉంటే 58 మాత్రమే. కాబట్టి లివర్ చూసుకునే పని పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి కూడా అప్పగించాం.

ఈ కేసు నుంచి నా ప్లానింగ్‌లో మారినవి కొన్నే, కానీ గట్టివి. అన్నిటికన్నా ముఖ్యమైనది లాగ్ పుస్తకంలో కొత్తగా చేరిన గడి: "ఏం తెరిచాం". ఎందుకంటే ఈ లోపం ఇన్నాళ్ళు దాక్కోవడానికి మంచి అలవాటే కారణం. టీకి ఆగిన ప్రతిచోటా ఉస్తాద్ మూత తీసి, కర్ర ముంచి పెట్రోలు ఎంత ఉందో చూసేవాడు. చూడటంలోనే గాలి లోపలికి వెళ్ళి లోపం మాయమయ్యేది. హైవే మీద ఏ పేచీ లేకపోవడానికి అది కూడా ఒక కారణం. ఘాట్‌లో ఆగాక క్యాన్‌తో పెట్రోలు పోసినప్పుడు కారుని బతికించింది పోసిన పెట్రోలు కాదు, పోయడానికి తీసిన మూత. తడిగుడ్డకి వచ్చిన పేరు దానిదే. ఇప్పుడు టెస్ట్‌లో ట్యాంకు చూడాలన్నా, రేడియేటర్ మూత తీయాలన్నా, తీసిన టైం రాస్తాం. కొన్ని ఎక్కుళ్ళ ముందు ఏ మూతా తీయకుండా వెళ్ళడం కూడా టెస్ట్‌లో భాగంగా పెడతాం.

రెండోది, కొండలకి విడి పేజీ. 700 కిలోమీటర్లలో ఎన్నిసార్లు ఆగింది అనే లెక్క ఏమీ చెప్పదు, ఎందుకంటే హైవే కిలోమీటర్లు కొండల్ని కప్పేస్తాయి. లాంగ్ రన్‌కి ముందు, కుదిరితే దగ్గర్లోని ఒకే కొండని మళ్ళీ మళ్ళీ ఎక్కించడం, తర్వాతే దూరం. చాలామంది దీన్ని బోరు అంటారు. నేను మాత్రం ఇప్పుడు ఇది లేకుండా ఏ కారుకీ లూప్ ప్లాన్ చేయడం లేదు.

కొత్త భాగాలు బిగించడం మాత్రం కారణం తేలాకే. ఎలక్ట్రిక్ పంపు ఈ కారుని ఘాట్ ఎక్కించేదేమో, కానీ సగం మూసుకున్న మూతతో ట్యాంకులో గాలిని ఇంకా ఇంకా పలచబరుస్తూ ఎక్కించేది, వందేళ్ళ నాటి అతుకులున్న రేకు ట్యాంకుకి అది మంచిది కాదు.

లూప్‌లో ఇంకొకటి దొరికింది, అది ఇంకా తేలలేదు. కర్నూలు దాటాక మధ్యాహ్నం ఎండలో వెనక ఎడమ చక్రం నెమ్మదిగా తిరిగేటప్పుడు కిటకిటమంది. పొద్దున్నే ఆ శబ్దం లేదు. చెక్క ఆకులు ఎండకి ఆరిపోయి వదులవుతున్నాయని ఉస్తాద్ అనుమానం, నాది కూడా అదే. తడిపితే ఉబ్బి బిగుసుకుంటాయి, కానీ అది తాత్కాలికం, పైగా తడిపామంటే గుర్తు చెరిపేసినట్టే. అందుకే తడపొద్దన్నాను. ఒక్కో ఆకునీ చిన్న సుత్తితో తట్టి శబ్దం వినడం, పొద్దున ఒకసారి, ఎండలో నడిపాక ఒకసారి, రెండూ ఫోన్‌లో రికార్డు చేసి పోల్చడం, ఇది ఇప్పుడు నడుస్తోంది. మొదటి వారం రికార్డింగుల్లో పొద్దున అన్ని ఆకులూ ఒకేలా మోగుతున్నాయి, సాయంత్రానికి రెండు మొద్దుగా మోగుతున్నాయి. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ముందు అక్కడి రిమ్ము అతుకు చూడమని చెప్పాను. చక్రం విప్పే పని వచ్చే ఆదివారం పెట్టుకున్నాం.